కరివేపాకు స్పెల్లింగు

2021 జులై 8 రాత్రి, ఫ్లోరిడాలోని ఓర్లాండో. స్టేజీ మీద మైకు ముందు పద్నాలుగేళ్ల జైలా అవాంట్-గార్డ్ నిలబడి ఉంది. మెడలో నంబరు పలక. ఎదుట బల్ల దగ్గర కూర్చున్న పెద్దమనిషి "మరేయా" అన్నాడు. ఆ పిల్ల వెంటనే అక్షరాలు అందుకోలేదు. ఈ మాటలో మరే అనే మనిషి పేరేమైనా దాగి ఉందా, ఆ పేరుతో ఒక కమెడియన్ కూడా ఉన్నాడు కదా అని అడిగింది. హాలంతా నవ్వులు. ఆ తర్వాత ఎం-యు-ఆర్-ఆర్-ఎ-వై-ఎ అని ఒక్కో అక్షరమే చెప్పి, సంతోషం పట్టలేక గిర్రున తిరిగింది.

మరేయా అనేది కొన్ని ఆసియా మొక్కలకు శాస్త్రజ్ఞులు పెట్టిన ప్రజాతి పేరు. లిన్నేయస్ శిష్యుడు యోహాన్ ఆండ్రియాస్ మరే జ్ఞాపకంగా పెట్టారు కాబట్టి ఆ పిల్ల ఊహ సరైనదే. మన పుస్తకాల్లో కరివేపాకు పక్కన కనిపించే 'మరేయా కోనిగై' ఈ మరేయానే. జైలాకు 50,000 డాలర్లు తెచ్చిపెట్టిన మాట మన తాళింపు గిన్నెలో రోజూ చిటపటలాడే ఆకుది.

పోటీ పేరు స్క్రిప్స్ నేషనల్ స్పెల్లింగ్ బీ. ఎనిమిదో తరగతి దాటని పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, విన్న మాటకు అక్షరాలు చెప్పాలి. తప్పితే గంట మోగుతుంది, అంతటితో సరి. ఇంత పెద్ద జాతర తెలుగులో పెడదామన్నా కుదరదు. మనకూ ల-ళ తికమకలున్నాయి, శ-ష-సలు కలిసిపోతాయి, ఒత్తులు జారిపోతాయి. అయినా పలికింది పలికినట్టు రాస్తే చాలావరకు గట్టెక్కుతాం. ఇంగ్లీషుకు ఆ భాగ్యం లేదు. 1476లో విలియం కాక్స్‌టన్ ఇంగ్లండ్‌కు అచ్చుయంత్రం తెచ్చాడు. అచ్చులో స్పెల్లింగులు క్రమంగా గట్టిపడుతున్న కాలంలోనే జనం నోట ఉచ్చారణ మారిపోయింది. 'నైట్' అనే వీరుడి పేరు ముందున్న కె, మధ్యలో ఉన్న జి-హెచ్ ఒకప్పుడు నిజంగానే పలికేవి. నోట్లోంచి పోయాయి, కాగితం మీద ఉండిపోయాయి. 'డెట్'లో బి సంగతి ఇంకా విడ్డూరం. లాటిన్ మూలాన్ని గుర్తుచేయాలని పండితులు పనిగట్టుకుని దూర్చిన అక్షరం అది, ఇంగ్లీషులో ఎవరూ ఎన్నడూ పలకనిది. మన ఊళ్లలో ఇంగ్లీషు మాస్టారి డిక్టేషన్ రోజున వీపు కాచుకున్న తరాలన్నిటికీ ఈ చరిత్ర ముందే తెలిసి ఉంటే, కనీసం కోపం ఎవరి మీద పడాలో తెలిసేది.

ఆ గందరగోళాన్నే పాఠం చేసి అమ్మినవాడు నోవా వెబ్‌స్టర్. అమెరికా స్వాతంత్ర్యయుద్ధం ముగిసిన 1783లో, పాతికేళ్ల ఈ పంతులు పిల్లల స్పెల్లింగు పుస్తకం అచ్చువేశాడు. నీలి అట్ట వల్ల దానికి 'నీలి పుస్తకం' అనే పేరు స్థిరపడింది. మన తాతలకు పెద్దబాలశిక్ష ఎలాగో అమెరికా పల్లెలకు అది అలాగ. తరాల తరబడి కోట్లలో అమ్ముడుపోయింది. కొత్త దేశానికి రాత కూడా కొత్తగా ఉండాలని అతని పట్టుదల. 1828లో 70,000 మాటలతో నిఘంటువు తెచ్చాడు. 'కలర్'లోంచి యు తీసేసినవాడు, 'సెంటర్' చివర అక్షరాలు తారుమారు చేసినవాడు అతనే. 'టంగ్'ను టి-యు-ఎన్-జి అని రాయాలన్నాడు కాని అది మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు.

ఆ పుస్తకం చుట్టూనే పోటీ పుట్టింది. చలికాలపు రాత్రి, పని తీరాక, ఊరివాళ్లు దీపాలు పట్టుకుని బడికి చేరేవారు. ఇద్దరు నాయకులు చెరో జట్టు ఎంచుకునేవారు. పంతులు మాట ఇస్తాడు, తప్పినవాడు కూర్చుంటాడు, చివరిదాకా నిలబడ్డవాడు మొనగాడు. చూడవచ్చిన కుర్రకారుకు అక్షరాల మీద ఎంత ధ్యాసో, పోటీ ముగిశాక ఎవరిని ఇంటిదాకా సాగనంపాలన్న దాని మీద అంతకన్నా ఎక్కువ ధ్యాస. ఈ కూడికలకు 'బీ' అనే పేరు తర్వాత వచ్చింది. తేనెటీగకూ దానికీ చుట్టరికం లేదనే నిఘంటుకారులు ఎక్కువ. ఒకరి పొలంలో నాట్లకు ఊరంతా చేసాయం పట్టినట్టు, నలుగురూ చేరి ఒకరి పని చేసిపెట్టడాన్ని అమెరికా పల్లెల్లో అలా పిలిచేవారు. మొక్కజొన్న కండెలు ఒలిచే బీ, బొంతలు కుట్టే బీ ఉండగా, వాటి పక్కన అక్షరాల బీ కూడా చేరింది.

1871లో ఎడ్వర్డ్ ఎగల్‌స్టన్ రాసిన 'ది హూసియర్ స్కూల్‌మాస్టర్' నవలలో ఇలాంటి రాత్రి ఒకటుంది. ఊరి మొనగాడిని ఓడించిన కొత్త పంతుల్ని, ఒక ఇంట్లో ఒప్పందం మీద పనికి కుదిరిన పేదపిల్ల హన్నా ఓడిస్తుంది. నవల జనంలోకి వెళ్లింది. 1875 నాటికి ఈ పోటీలు అమెరికా పట్టణాలన్నిటికీ అంటువ్యాధిలా పాకాయి. ఆ ఏడాది హార్ట్‌ఫర్డ్‌లో జరిగిన పోటీలో మార్క్ ట్వేన్ ప్రసంగించి నవ్వించాడు.

హన్నా కల్పన. మేరీ బోల్డెన్ నిజం.

1908 జూన్‌లో క్లీవ్‌లండ్‌లో ఉపాధ్యాయుల జాతీయ మహాసభ సందర్భంగా నగరాల జట్ల మధ్య స్పెల్లింగు పోటీ పెట్టారు. క్లీవ్‌లండ్ జట్టులో పద్నాలుగేళ్ల మేరీ బోల్డెన్ ఉంది. ఉత్తరాలు పంచే తపాలా ఉద్యోగి కూతురు, నల్లజాతి పిల్ల. ఆ సంగతి తెలిసి న్యూ ఆర్లియన్స్ జట్టు పెద్దలు అభ్యంతరం చెప్పారు. క్లీవ్‌లండ్ వాళ్లు తగ్గలేదు. మేరీ రాతలో గాని, నోటితో గాని ఒక్క తప్పు చేయలేదు. జట్టు గెలిచింది, బంగారు పతకం ఆమెది.

ఇప్పుడు మనం టీవీలో చూసే పోటీకి అసలు పునాది పత్రికల సర్క్యులేషన్. 1925లో కెంటకీ రాష్ట్రం లూయీవిల్‌లోని 'కొరియర్-జర్నల్' మరికొన్ని పత్రికలను కలుపుకుని, ఎవరి ప్రాంతంలో వాళ్లు నెగ్గిన పిల్లలను వాషింగ్టన్‌కు పంపమంది. తొమ్మిదిమంది చేరారు. లూయీవిల్ కుర్రాడు, పదకొండేళ్ల ఫ్రాంక్ న్యూహౌజర్ 'గ్లాడియోలస్' అనే పూలమొక్క పేరు చెప్పి గెలిచాడు. ఆ మొక్కను చిన్నప్పుడు పెంచిన అనుభవం అతనికి కలిసొచ్చింది. 500 డాలర్ల బంగారు నాణేలు ఇచ్చారు, ప్రెసిడెంటు కూలిడ్జ్ చేయి కలిపాడు, బడిపిల్లలు సైకిలు కానుక ఇచ్చారు. పెద్దయ్యాక న్యూహౌజర్ పేటెంటు లాయరయ్యాడు. 2011లో, 97వ ఏట కన్నుమూశాడు. 1941లో పోటీ స్క్రిప్స్-హోవర్డ్ పత్రికాసంస్థ చేతికి వచ్చింది. యుద్ధం వల్ల 1943 నుంచి 1945 దాకా జరగలేదు.

మధ్యలో 1936 ఉంది. దాన్ని తొందరగా దాటేయడం న్యాయం కాదు. ఒహాయో రాష్ట్రం ఆక్రన్ నుంచి పదమూడేళ్ల మాక్‌నోలియా కాక్స్ ఫైనల్‌కు బయల్దేరింది. రైలు మేరీలాండ్ సరిహద్దు చేరగానే నల్లవాళ్ల పెట్టెలోకి మారమన్నారు. మిగతా పిల్లలు దిగిన హోటల్లో ఆమెకు గది లేదు. విందులో వేరే బల్ల వేశారు. అయినా చివరి ఐదుగురిలోకి వచ్చింది. అప్పుడు ఆమెకిచ్చిన మాట 'నెమెసిస్'. గ్రీకు దేవత పేరు. పేర్లు అడగకూడదని నిబంధన, పైగా ఆ మాట ముందుగా ఇచ్చిన జాబితాలో లేదు. తోడు వచ్చిన టీచరు అభ్యంతరం చెప్పినా జడ్జీలు వినలేదు. ఆమె చెప్పిన స్పెల్లింగులో ఒక అక్షరం తప్పింది. ఊళ్లో ఘనంగా స్వాగతం పలికారు గాని కాలేజీ చదువు అందలేదు. ఒక డాక్టరుగారి ఇంట పనిమనిషిగా బతుకు సాగించింది.

స్క్రిప్స్ పోటీలో ఆఫ్రికన్-అమెరికన్ అమ్మాయి గెలవడానికి 2021 దాకా, అంటే జైలా దాకా ఆగాల్సి వచ్చింది. ఆమె ఊరు లూసియానాలోని హార్వీ. మిసిసిపీ నదికి అవతలి ఒడ్డునే న్యూ ఆర్లియన్స్.

*

మనవాళ్ల కథ ఇక్కడ మొదలవుతుంది. ఇది తెలుగు మెదడు గొప్పతనమని మురిసిపోయేవాళ్లు ముందు 1965 సంవత్సరం దగ్గర ఆగాలి. ఆ ఏడాది అమెరికా వలస చట్టం మార్చి, ఫలానా దేశం నుంచి ఇంతమందే అన్న పాత కోటాలను ఎత్తేసింది. చదువు, వృత్తినైపుణ్యం ఉన్నవాళ్లకు తలుపు తెరిచింది. డాక్టర్లు, ఇంజనీర్లు, ప్రొఫెసర్లు వెళ్లారు. అంటే పరీక్షలు రాసి, రాసి, వాటిలో నెగ్గి అక్కడికి చేరినవాళ్లు. పిల్లలకు ఇంకో పరీక్ష కనబడితే వాళ్లు వదులుతారా?

1985లో షికాగో ప్రాంతపు బాలు నటరాజన్ 'మిల్యూ' అనే ఫ్రెంచి మాటతో గెలిచాడు. భారతీయ కుటుంబాల నుంచి అతనే మొదటివాడు. 1999లో నుపుర్ లాలా గెలిచిన పోటీ 'స్పెల్‌బౌండ్' అనే డాక్యుమెంటరీకెక్కి, ఇంటింటా పిల్లలు చూసే సినిమా అయింది. ఈ రెంటి మధ్య జనం దృష్టి పడని పని ఒకటి జరిగింది. రత్నం చిట్టూరి 1989లో నార్త్ సౌత్ ఫౌండేషన్ అనే సంస్థ పెట్టారు. ఇండియాలో చదువుకోలేని తెలివైన పిల్లలకు స్కాలర్‌షిప్‌లివ్వడం దాని పని. అమెరికాలోని మన పిల్లల ఇంగ్లీషు పదసంపద పెంచాలని 1993లో అదే సంస్థ స్పెల్లింగు పోటీలు మొదలుపెట్టింది. వాలంటీర్ల చేతుల మీద ఊరూరా నడిచే పోటీలు. పిల్లాడు స్క్రిప్స్ స్టేజీ ఎక్కేనాటికి మైకు అలవాటైపోయి ఉంటుంది, ఓడి ఏడ్చి లేచిన అనుభవమూ ఉంటుంది. క్రికెట్‌కు గల్లీ ఎలాగో దీనికి ఈ శనాదివారాల పోటీలు అలాగ. స్టేడియం ఆటే చూసినవాడికి గల్లీ కనబడదు.

ఆ గల్లీలోంచి తెలుగు ఇంటిపేర్లు వరసకట్టాయి. 2002లో ప్రత్యూష్ బుద్దిగ (తర్వాతికాలంలో ఇతను ప్రొఫెషనల్ పేకాటగాడయ్యాడు, జ్ఞాపకశక్తికి అన్నిచోట్లా గిరాకీయే), 2003లో సాయి గుంటూరి, 2012లో స్నిగ్ధ నందిపాటి, 2013లో అరవింద్ మహంకాళి, 2016లో నిహార్ జంగా, 2018లో కార్తీక్ నెమ్మాని, 2024లో బృహత్ సోమ. 2008 నుంచి 2019 దాకా భారతీయ మూలాల పిల్లలు గెలవని ఏడాది ఒక్కటీ లేదు.

వీళ్లలో న్యూయార్క్ కుర్రాడు అరవింద్ సంగతి చెప్పుకోవాలి. 2011లో మూడో స్థానం, 'యుగెండ్‌స్టిల్' దగ్గర దెబ్బతిన్నాడు. 2012లోనూ మూడో స్థానమే, ఈసారి 'ష్వానోమా'. రెంటికీ మూలం జర్మన్. దాంతో ఏడాదంతా జర్మన్ మీదే కూర్చున్నాడు. 2013 ఫైనల్‌లో ఆఖరి మాట 'క్నైడెల్'. యూదుల ఇళ్లలో పులుసులో వేసుకునే ఉండ. మాట జర్మన్ నుంచి పుట్టిన యిద్దిష్ భాషది. కె-ఎన్-ఎ-ఐ-డి-ఇ-ఎల్ అన్నాడు. జర్మన్ శాపం జర్మన్ వరమైందని అతనే చెప్పుకున్నాడు. తమాషా ఏమిటంటే, మర్నాటి నుంచి న్యూయార్క్ యూదు పెద్దలు ఆ స్పెల్లింగు తప్పని గొడవకు దిగారు. యిద్దిష్ పండితుల పద్ధతి వేరు, అమ్మమ్మల పద్ధతి వేరు. పోటీకి మాత్రం మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువులో ఉన్నదే వేదం. నోవా వెబ్‌స్టర్ వారసుల పుస్తకమే అది.

ఇంత తయారీ ఎలా సాగుతుందంటే, ఆ నిఘంటువు పెద్ద ప్రతిలో 4,70,000కు పైగా పదాలున్నాయి. అన్నీ బట్టీ పట్టడం ఎవరికీ సాధ్యం కాదు. అందుకే పిల్లలు స్టేజీ మీద ప్రశ్నలడుగుతారు. మూలభాష ఏది? అర్థమేమిటి? వేరే ఉచ్చారణ ఉందా? కాలయాపన కోసం అడిగేవి కావివి. 'ఫ' శబ్దం వినిపించి మూలం గ్రీకు అన్నారంటే పి-హెచ్ వైపు మొగ్గాలి. 'ష' శబ్దానికి ఫ్రెంచి అయితే సి-హెచ్, జర్మన్ అయితే ఎస్-సి-హెచ్. 2023లో దేవ్ షాకు వచ్చిన ఆఖరి మాట 'సామోఫైల్'. గ్రీకులో ఇసుకకు ఉన్న మాట తెలిసినవాడికి మొదట పలకని పి ఉందని తెలుస్తుంది. ఇసుకను ఇష్టపడే ప్రాణి అని దాని అర్థం. ఇన్ని ఆధారాలున్నా లొంగనిది ఒకటుంది, 'ష్వా' అనే నలిగిన అచ్చుశబ్దం. ఊనిక లేనిచోట ఎ, ఇ, ఐ, ఓ, యు ఏది రాసినా నోట్లో అదే 'అ'లాంటి శబ్దం. గంట మోగేది ఎక్కువగా అక్కడే. అరచేతిలో వేలితో రాసుకుంటూ, కళ్లు మూసుకుని ఆ పిల్లలు వెతుక్కునేది ఆ ఒక్క అక్షరం కోసం.

బల్ల దగ్గర కూర్చుని పదాలు చదివే ఆ పెద్దమనిషి పేరు జాక్ బెయిలీ. 1980లో తానే ఛాంపియన్. వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో ప్రాచీన గ్రీకు, లాటిన్ చెబుతారు. 2019లో ఆయన నోట అంతకు ముందెన్నడూ రాని మాట వచ్చింది. రాత్రి గడుస్తోంది, రౌండు మీద రౌండు అవుతోంది, ఎనిమిదిమంది పిల్లలు తప్పడం లేదు. మిమ్మల్ని పరీక్షించే మాటలు మా దగ్గర ఇక ఎక్కువ లేవని ఆయన ప్రకటించారు. ఎనిమిదిమందీ విజేతలే, తలా 50,000 డాలర్లు. ఒకరికి వచ్చిన మాట 'బూగన్‌విలియా', మన కాగితం పూలు. అంతకు ముందు ఏడాదే టెక్సాస్‌లో దాసరి ఇంటి అక్కాతమ్ముళ్లు, మాజీ పోటీదారులే, 'స్పెల్‌పండిట్' అనే పేరుతో పదాల జాబితాలు కంప్యూటర్ మీద అమ్మకానికి పెట్టారు. ఆ ఎనిమిదిమందిలో ఎక్కువమంది దాని ఖాతాదారులు. పరీక్ష కన్నా కోచింగు ముందుకెళ్లిపోవడం మన ఎంసెట్ ఊళ్లకు కొత్త వింత కాదు.

డబ్బు మాట కూడా దాచనక్కర్లేదు. 2018లో నిర్వాహకులు, స్థానిక పోటీలో ఓడినా ఫీజు కట్టి ఫైనల్స్‌కు రాగలిగే దారి తెరిచారు. ఫీజు మొదటి ఏడు 750 డాలర్లు, మరుసటి ఏడు 1,500. ప్రయాణం, హోటలు ఖర్చులు అదనం. ఆ దారిన వచ్చిన కార్తీక్ నెమ్మాని, తనను స్థానికంగా ఓడించిన అమ్మాయినే ఫైనల్లో ఓడించి కప్పు ఎత్తాడు. ఆ కుర్రాడి ప్రతిభకు వంక పెట్టలేం. అలాంటి ప్రతిభే ఉండి ఫీజు కట్టలేని ఇల్లు మాత్రం ఆ పద్ధతిలో ఎక్కడా కనబడలేదు.

మరి ఇది ఇంగ్లీషుకు పరీక్షేనా? చాలాకాలం కాదనే చెప్పాలి. వాక్యం రాయలేకపోయినా గెలవచ్చు. నిర్వాహకులకూ ఆ సంగతి తట్టినట్టుంది. 2013లో పదాల అర్థాల మీద రాత పరీక్ష చేర్చారు, 2021 నుంచి స్టేజీ మీదే అర్థం అడుగుతున్నారు. ఇంకోవైపు, విజేతలు గుంపుగా మిగలకుండా 90 సెకన్ల వేగపోటీ పెట్టారు. అది 2022లో తొలిసారి వాడారు. 2024లో నల్లగొండ మూలాలున్న పన్నెండేళ్ల బృహత్ సోమ ఆ 90 సెకన్లలో 30 మాటలు అందుకుని 29 సరిగ్గా చెప్పాడు. ఇంత వేగంలో మూలమూ లేదు, అర్థమూ లేదు. చూడటానికి రంజుగా ఉంటుంది గాని, అరచేతిలో రాసుకుంటూ గ్రీకు వేరు కోసం తడుముకునే ఆ మెల్లని నిమిషమే ఈ పోటీకి ప్రాణం. వేగపోటీ దాన్ని మింగేస్తోంది.

2010లో హాలు బయట తేనెటీగల వేషాలేసుకుని కొందరు నిరసన తెలిపారు. స్పెల్లింగులు సులువు చేయండి, పిల్లలను చంపుకుతినకండి అని. 1906లో ప్రెసిడెంటు థియొడర్ రూజ్‌వెల్ట్ అంతటివాడు 300 మాటలకు సులువైన స్పెల్లింగులు వాడమని ప్రభుత్వ ముద్రణాలయానికి హుకుం జారీచేస్తే కాంగ్రెస్ తిప్పికొట్టింది. ఇక తేనెటీగల మాట ఎవరు వింటారు.

2025 పోటీకి నూరేళ్ల పండగ. అంతకు ముందు ఏడు బృహత్ చేతిలో ఓడి రెండోస్థానంలో నిలిచిన పదమూడేళ్ల ఫైజాన్ జాకీ, టెక్సాస్ కుర్రాడు, హైదరాబాద్ మూలాలున్నవాడు, ఈసారి గెలుపు అంచున ఉన్నాడు. పక్కన ఇద్దరూ అప్పటికే తప్పారు. 'కొమెలైనా' అని మాట వచ్చింది. మూలం అడగలేదు, అర్థం అడగలేదు, ఉత్సాహంలో కె అని మొదలుపెట్టేశాడు. సి అని గుర్తొచ్చేసరికి ఆలస్యమైంది. కొమెలైనా ఒక మొక్కల ప్రజాతి. మన మెట్టచేలలో కలుపుగా మొలిచే వెన్నదేవికూర ఆ ఇంటిదే. ఆ తప్పుతో పోటీ మళ్లీ మొదటికొచ్చింది. కాసేపటికి 'ఎక్లేర్‌సీస్మాన్' అనే ఫ్రెంచి మాటతో ఫైజాన్ గెలిచి, స్టేజీ మీదే వెల్లకిలా పడిపోయాడు.

ఈ పోటీ నిఘంటువులో మూలభాష తెలుగు అని ఉన్న మాట ఒకటి చెప్పుకోవాలంటే 'బాండికూట్'. బి-ఎ-ఎన్-డి-ఐ-సి-ఓ-ఓ-టి. మన పందికొక్కే.